జీలుగు చెట్టెక్కిన భుజం

చచ్చుబడిన చేత్తో ఒక మాజీ హవల్దారును అరవై అడుగుల జీలుగు కల్లు చెట్టు చివరిదాకా ఎక్కించిన ఫిజియోథెరపిస్టు ఈ తూర్పు కనుమల్లో ఎవరైనా ఉన్నారంటే అది నేనే. ఎక్కించడమే కాదు, జారితే పట్టుకోవడానికి ఆయన వెనకాలే నేనూ ఎక్కాను. పైనుంచి చూస్తే అరకు లోయంతా పళ్లెంలో వడ్డించినట్టు కనిపించింది. ఈ సంగతి పెళ్లిళ్లలో చెప్పాను, కిరండూలు రైల్లో చెప్పాను, పన్ను పీకించుకోవడానికి వెళ్లినప్పుడు నోట్లో దూది పెట్టుకుని కూడా చెప్పాను. చెప్పిన ప్రతిసారీ చెట్టు కొంచెం ఎదిగింది. అది చెట్టు గుణం కాదు, నాది.

మాది మాజీ సైనికుల కోసం సర్కారు నడిపే చిన్న ఆసుపత్రి. మైదానంలో ఉద్యోగం చేసి రిటైరయ్యాక, ఇంట్లో నా కబుర్లు వినేవాళ్లు కరువై, కాంట్రాక్టు మీద ఈ కొండ ఎక్కాను. జనరేటరు పక్క గది నాకిచ్చారు. భుజాలు తిప్పడానికి గోడకు బిగించిన ఇనుప చక్రం ఒకటి, కప్పీ మీంచి వేలాడే తాడు, కాపడం సంచులు ఉడికే తొట్టి, నరాలకు కరెంటు పెట్టే మిషను, ఇదీ నా సామ్రాజ్యం. మిషను పనిచెయ్యదు. కానీ దాని ఎర్ర లైటు వెలుగుతుంది కాబట్టి కొందరికి నొప్పి తగ్గుతుంది.

చలికాలంలో సాలూరు వైపు నుంచి సుబేదార్లు మోకాళ్ల నొప్పులని కొండెక్కి వస్తారు. పొద్దున్న నా దగ్గర కుంటుతారు, సాయంత్రం వలిసె పూల చేలల్లో గట్లు దూకి ఫొటోలు దిగుతారు. కొలువు వదిలినా వీళ్లను ర్యాంకు మాత్రం వదలదు. తొట్టిలోంచి తీసిన మొదటి కాపడం సంచి పెద్ద ర్యాంకుకే పోవాలి. ఒకసారి పొరపాటున ముందు ఒక సిపాయి వీపు మీద వేశాను. నడుం వంగడం లేదని పడుకుని ఉన్న సుబేదారు ఆ కోపంలో చటుక్కున లేచి నిటారుగా నిలబడ్డాడు. ఆయనకు నేను చేసిన వైద్యాలన్నిటిలోకీ బాగా పనిచేసింది అదే.

హవల్దారు ఈ బాపతు కాదు. పెదబయలు పైన ఒక కొండ ఊరివాడు. పొట్టి మనిషి, బట్టతల. సర్వీసంతా మంచుకొండల్లో చేసి ఒంటి మీద గీటు పడకుండా వచ్చాడు. వచ్చిన కొన్నాళ్లకే సంత నుంచి జీపు వెనకాల వేలాడుతూ వస్తుంటే, బండి గోతిలో పడి ఎగిరింది. ఒక చేతిలో జీపు కమ్మీ, ఇంకో చేతిలో కోడి. ఏది వదలాలో తేల్చుకోవలసి వచ్చినప్పుడు ఆయన కమ్మీ వదిలాడు. కోడికి ఏమీ కాలేదు. ఈయన ఎడమ భుజం దగ్గర ఎముక విరిగింది. ఎముక అతుక్కుంది గాని, నొప్పికి భయపడి నెలల తరబడి చెయ్యి మెడకు కట్టుకునే ఉండిపోవడంతో భుజం బిగుసుకుపోయింది. చెయ్యి రొమ్ము ఎత్తుకు వచ్చి ఆగిపోయేది. ఇంకా ఎత్తమంటే మనిషి మొత్తం పక్కకు ఒరిగేవాడు.

వచ్చిన ప్రతివాణ్నీ నేను అడిగేది ఒక్కటే: ఈ నొప్పి వల్ల ఏ పని చెయ్యలేకపోతున్నావు అని. చొక్కా తొడుక్కోలేకపోతున్నానంటారు, తల దువ్వుకోలేకపోతున్నానంటారు. ఈయన తల దువ్వుకునే సమస్య ఎలాగూ లేదు.

"చెట్టెక్కలేకపోతున్నాను సాబ్," అన్నాడు.

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. పక్కన నిలబడిన ఆయన భార్య అసలు నవ్వలేదు.

విషయం తర్వాత ముక్కలు ముక్కలుగా తెలిసింది. సైన్యంలో చేరిన ఏడు, వాగు గట్టున మోకాలెత్తున్న జీలుగు మొక్కకు ముళ్లకంచె కట్టి వెళ్లాడట. ఆ ఊళ్లో కల్లు పారుతున్న చెట్టు ఎవరిదైతే పొద్దున్నే నలుగురూ ఆ చెట్టు కిందికి చేరతారు. పోడు గట్టు తగాదా దగ్గర్నుంచి కాఫీ పళ్లు ఎవరికి అమ్మాలనేదాకా అక్కడే తేలుతుంది. కల్లు పోసేవాడిదే పెద్దరికం. ఈయన సెలవుకు వచ్చినప్పుడల్లా అందరి చెట్ల కిందా చుట్టంలా కూర్చుని తాగి వెళ్లినవాడే. రిటైరయ్యాక నిరుడు తన చెట్టు మొదటి పూల గెల వేసింది. సరిగ్గా అప్పుడే ఈ కోడి వ్యవహారం. తమ్ముడు చెట్టెక్కి గీశాడు. తన చెట్టు కిందే తమ్ముడి చేతి కల్లు తాగాల్సి వచ్చింది. ఇప్పుడు రెండో గెల పడింది. ఎవరి కత్తి మొదటి కోత కోస్తే ఆ ఏడాదంతా గీసే చెయ్యి వాళ్లదే. మధ్యలో చెయ్యి మారితే చెట్టు అలుగుతుందని ఆ ఊరి నమ్మకం. ఈసారి కూడా తమ్ముడే గీస్తే ఇక తాను ఊళ్లో ఎప్పటికీ సెలవు మీద వచ్చినవాడిలాగే ఉండిపోతానని హవల్దారు బెంగ.

"సర్వీసంతా పక్కోడి చెట్టు కింద తాగినాను సాబ్. నా చెట్టు కింద నేనొకడికి పోసింది లేదు," అన్నాడు.

మా మెడికల్ ఆఫీసరు ఆయన్ని చెట్టు దరిదాపులకు కూడా వెళ్లవద్దన్నారు. నేనూ ఆఫీసరు ఎదుట గట్టిగా తలూపి, హవల్దారును గదిలోకి తీసుకెళ్లి తలుపు మూసి, చెట్టెక్కే కసరత్తు మొదలుపెట్టాను.

మొదట గోడ. గోడకు ఎదురుగా నిలబడి, వేళ్లు చీమల్లా పాకిస్తూ చెయ్యి పైకి నడిపించాలి. ఎక్కడిదాకా వెళితే అక్కడ పెన్సిల్‌తో గీత పెడతాను. మా గోడ మీద సుబేదార్ల గీతలు సిపాయిల గీతల కంటే పైన ఉంటాయి. అది భుజాల సంగతి కాదు, మడమలెత్తి మోసం చేస్తారు. హవల్దారు మోసం చెయ్యలేదు. అందుకే ఆయన గీత వారాలపాటు గడ్డం దగ్గరే నిలిచిపోయింది.

ఇంటి దగ్గర చేస్తున్నావా అంటే లేదన్నాడు. ఎందుకయ్యా అంటే ఆర్డరు ఇచ్చేవాళ్లు లేరట. చెప్పినవాడు ఎదురుగా లేకపోతే ఆ చెయ్యి కదలదు, అలవాటు అలాంటిది. సరే, భార్యను పిలిచి ఆర్డర్లు నేర్పాను. "ఏక్" అంటే చెయ్యి గోడమీద పైకి, "దో" అంటే కిందికి. ఆవిడ నాకంటే బాగా అందుకుంది. వాకిట్లో చోళ్లు చెరుగుతూ కేకేసేదట, ఈయన గోడకు అతుక్కుని చేసేవాడట. ఒకరోజు "ఏక్" అన్నాక మేకలు చేలో పడ్డాయని పరుగెత్తింది. వాటిని తోలి, పక్కింటావిడతో మాట్లాడి, నింపాదిగా తిరిగొచ్చేసరికి ఈయన చెయ్యి గోడ మీదే ఉంది. ఒళ్లంతా చెమట. దించొచ్చు కదా అంటే ఆర్డరు రాలేదన్నాడు. మర్నాడు నా గోడ మీద ఆయన గీత గడ్డం దాటి చెవి దగ్గరకు వెళ్లింది. ఆ ఖ్యాతి మేకలకు దక్కాలి గాని, మా రికార్డుల్లో మేకలకు గడి లేదు కాబట్టి నేనే తీసుకున్నాను.

గెల పదునుకొచ్చిందని ఒకరోజు కబురొచ్చింది. నన్ను రమ్మన్నాడు. రోగి క్షేమం కోసం వెళ్లానని అందరికీ చెప్పాను. అందులో సగం నిజం. మిగతా సగం, జీలుగు కల్లు నేను అప్పటికి బాటిల్లో తప్ప చెట్టు కింద తాగలేదు.

పెదబయలు దాకా షేరు జీపు, అక్కడినుంచి నడక. వెళ్లేసరికి తమ్ముడు కత్తి నడుముకు దోపుకుని చెట్టు కింద కూర్చుని ఉన్నాడు. మనిషి చెడ్డవాడేమీ కాదు. అన్న పడతాడని నిజంగానే భయం.

"అన్నా, నువ్వు కూకో. నాను గీసి ముందు నీకే పోత్తాను," అన్నాడు.

ఆ ముందు పోస్తానన్న మాటే హవల్దారుకు గుచ్చుకుంది. చొక్కా విప్పి, పరేడుకు ముందు కిట్టు సర్దినట్టు మడతపెట్టి రాతి మీద పెట్టాడు. తమ్ముడి దగ్గరికి వెళ్లి చెయ్యి చాపాడు. బాగున్న చెయ్యి కాదు, ఎడమ చెయ్యి. తమ్ముడు కాసేపు ఆ చేతి వంక చూసి, కత్తి తీసి అందులో పెట్టాడు.

అక్కడ జీలుగుకు నిచ్చెన అంటే ఒకటే వెదురు బొంగు. కణుపుల దగ్గర కొమ్మల మొదళ్లు వేలెడంత వదిలి నరుకుతారు. మాను పొడుగునా దాన్ని కట్టి, ఆ మొదళ్ల మీద అడుగులేసుకుంటూ ఎక్కాలి. హవల్దారు కత్తి నడుముకు దోపుకుని, కుడిచేత్తో పైకి పట్టుకుని, ఎడమ చేతిని వెనకాల లాక్కుంటూ ఎక్కాడు. భార్య చెట్టువైపు వీపు పెట్టి కూర్చుని అడ్డాకులు కుడుతోంది. చూడదట. కానీ కుట్టిన విస్తరినే విప్పి మళ్లీ కుడుతోంది.

సగం పైన బొంగు కిర్రుమంది. ఆయన ఆగిపోయాడు. కిందికి రాడు, పైకి పోడు. తమ్ముడు లేచి నిలబడ్డాడు. ఆసుపత్రిలో ఆఫీసరు ముఖం, నా కాంట్రాక్టు కాగితం రెండూ నా కళ్లముందు కదిలాయి.

భార్య ఇటు తిరగలేదు. సూది ఆకులో గుచ్చి ఉంచి, "ఏక్," అంది.

ఎడమ చెయ్యి కదిలి పై కణుపు పట్టుకుంది. ఆవిడ మళ్లీ అంది, ఆయన మళ్లీ ఎక్కాడు. కాసేపటికి పైనుంచి కత్తి చప్పుడు వినిపించి, గెల చివరి ముక్క నా కాళ్ల దగ్గర పడింది. తమ్ముడు ముందు దాన్ని చూశాడు, తర్వాత పైకి చూశాడు, కుండ తాడుకు కట్టి పైకి పంపాడు.

నేను గ్లాసు కోసం చుట్టూ చూశాను. మొదటి కోతకు కల్లు రాదని, రోజూ కొంచెం కొంచెం చెక్కుతూ పోతే కొన్నాళ్లకు పారడం మొదలవుతుందని అప్పుడు చెప్పారు. అంత కొండ ఎక్కి నేను తాగింది బెల్లం లేని కాఫీ.

కల్లు పారాక మళ్లీ పిలిచాడు, మళ్లీ వెళ్లాను. పొద్దున్నే చెట్టు కింద ఊరు సగం ఉంది. హవల్దారు ఎడమ చేత్తోనే వంచి పోశాడు. మొదటిది నాకు ఇస్తాడనుకుని చెయ్యి చాపాను. తమ్ముడికిచ్చాడు. తమ్ముడు తాగి మూతి తుడుచుకుని, నిరుటి దానికంటే పులుపన్నాడు. అందరూ నవ్వారు. హవల్దారు అందరికంటే గట్టిగా నవ్వాడు.

ఇక మొదట్లో చెప్పినవాటి సంగతి. చెట్టు అరవై అడుగులు కాదు. మా ఆసుపత్రి నీళ్ల ట్యాంకు కంటే కొంచెం ఎత్తు ఉంటుందేమో. చెయ్యి చచ్చుబడలేదు, బిగిసింది, అంతే. నేను ఆయన వెనకాల ఎక్కలేదు. ఆయన దిగాక, తమ్ముడి ఎగతాళికి రోషం వచ్చి ఎక్కాను. నా చెప్పులు జనం తలల ఎత్తుకు చేరగానే బొంగును కావలించుకుని ఉండిపోయాను. ఇద్దరు కలిసి పనసకాయ దింపినట్టు దింపారు. లోయ కనిపించలేదు. కళ్లు మూసుకుని ఉన్నాను.

కానీ ఒకటి మాత్రం ఎవరూ కాదనలేరని అనుకునేవాణ్ని. ఆ చెయ్యి గెలదాకా లేచిందంటే అది నా గోడ వల్లే. ఆ ఒక్కటీ నా సొంత సంపాదన. ఏ బిగిసిన భుజం మొరాయించినా మందుకు బదులు ఈ కథే వాడుతున్నాను.

మొన్న సాలూరు సుబేదారు ఒకాయన భుజంతో వచ్చి, గోడ మీద వేళ్లు పాకించడం చిన్నపిల్లల ఆటలా ఉందని మొండికేశాడు. నేను మొదలుపెట్టాను. చెట్టు అరవై నుంచి డెబ్భైకి పెరిగింది. హవల్దారు చిట్టచివరి గెల దగ్గర చెయ్యి తల మీదికి నిటారుగా, జెండా కర్రలా ఎత్తి కోత కోశాడని చెప్పాను. సుబేదారు నోరు తెరిచి విని, మెల్లగా లేచి గోడ దగ్గరికి నడిచాడు. కథ పనిచేసింది.

మూల బల్ల మీద హవల్దారు భార్య మోకాలికి కాపడం సంచి వేయించుకుని కూర్చుని ఉంది. ఆవిడ ఉందన్న సంగతి కథ ఊపులో మర్చిపోయాను. అంతా విని, సంచి మోకాలి మీంచి తీసి పక్కన పెట్టి నా వైపు తిరిగింది.

"ఏటి బాబూ ఆ కోతలు. సెట్టు సివరనున్న గెల నిరుడే అయిపోనాది, అది మా మరిది గీసీసినాడు. జీలుగు పైనుండి కిందికి గెలలేత్తాది, ఒకటయ్యాక ఒకటి దిగుతాది. మా ఆయన గీసింది దాని కింది గెల. బొంగు మీద నిలబడితే రొమ్ముకాడికి వచ్చీసినాది, సెయ్యి ఎత్తే పనే నేదు. ఆ సెయ్యి ఇప్పటికీ సెవి దాటి లెగదు. నమ్మకపోతే బయట కూకున్నాడు, పిలిసి ఎత్తమను."