దుమ్ము పట్టిన బటన్

ఆ ఆసుపత్రికి ఐదు అంతస్తులు, రెండు లిఫ్టులు. రెండోదాన్ని బాగుచేయించాలన్న ఉత్తర్వు వచ్చి మూడేళ్లయింది కాబట్టి, ఉన్నది ఒకటే అనుకోవచ్చు. ఆ ఒక్కదాంట్లో స్టూలు వేసుకుని ఇరవై ఆరేళ్లుగా కూర్చున్న మనిషిని నర్సులు లిఫ్టు బాబాయ్ అంటారు. తన ఉద్యోగం పెద్దదని ఆయన ఎన్నడూ అనలేదు. చిన్నదంటే మాత్రం ఊరుకోడు. “నేను కదలకపోతే పెద్ద డాక్టరుగారైనా మెట్లెక్కాల్సిందే” అంటాడు. అది నిజమే కనుక ఎవరూ వాదించరు.

లోకంలో ఏ విషయమైనా ఆయనకు లిఫ్టులోంచే తెలిసేది. పిల్లలు పుడితే రెండో అంతస్తు, కాళ్లు విరిగితే మూడు. మహమ్మారి వచ్చాక నాలుగో అంతస్తు మొత్తం దానికే ఇచ్చేశారు. అన్నిటికన్నా కింద, బేస్‌మెంటులో మార్చురీ. మొదటి రెండేళ్లలో జనం నాలుగుకి పడుకుని వెళ్లేవాళ్లు, చాలామంది బేస్‌మెంటుకి పడుకునే వచ్చేవాళ్లు. ఆ కింది బటన్ మీది అక్షరం అప్పుడే అరిగిపోయింది. అంతమందిని దించినవాడు ఇంటికెళ్లి అన్నం ఎలా తిన్నాడని ఎవరైనా అడిగితే చెప్పేవాడేమో. ఎవరూ అడగలేదు.

ఇంట్లో భార్య, డెబ్బై దాటిన తల్లి. తల్లికి ఉబ్బసం. అందుకని మహమ్మారి మొదలైన వారంలోనే ఆయన మంచం వరండాలోకి వచ్చింది, రెండేళ్లు అక్కడే ఉంది. భార్య కంచం గట్టు మీద పెట్టి వెనక్కి జరిగేది. తల్లి కిటికీ లోపల కుర్చీ వేసుకునేది, ఆయన కిటికీ బయట. కొడుకుతో మాట్లాడాలంటే కిటికీ దగ్గరికి రావాల్సిన ఖర్మ ఏమిటని ఆవిడ రోజూ విసుక్కునేది, రోజూ అందరికంటే ముందు వచ్చి కూర్చునేది.

మూడో ఏడు కొత్త రకం వచ్చింది. ఇది మెత్తటిదని, దీంతో పీడ విరగడవుతుందని టీవీలో ఒకాయన చెప్పాడు. కాదని ఇంకొకాయన చెప్పాడు. లిఫ్టు బాబాయ్ ఇద్దర్నీ నమ్మలేదు. ఆయన లిఫ్టునే నమ్మాడు. జనం నాలుగుకి నిలబడి వెళుతున్నారు, నిలబడి దిగుతున్నారు. దిగేటప్పుడు వార్డులో కాఫీ బాగాలేదని తిడుతున్నారు కూడా. బతుకు మీద ఆశ లేనివాడు కాఫీ గురించి గొడవ చేయడని ఆయన లెక్క.

అన్నిటికంటే గట్టి సాక్ష్యం కింది బటన్. ఒక రోజు దాన్నెవరూ నొక్కలేదు. రెండో రోజూ నొక్కలేదు. పొద్దున్నే బటన్లన్నీ స్పిరిటు గుడ్డతో తుడవడం ఆయన డ్యూటీ. సాక్ష్యం చెరిపేసినట్టవుతుందని ఆ ఒక్కదాన్నీ తుడవడం మానేశాడు. వారం తిరిగేసరికి దాని మీద సన్నగా దుమ్ము పట్టింది. ఎక్కినవాళ్లందరికీ చూపించాడు. “చూశారా, దుమ్ము!” అన్నాడు. తుడవక అలా ఉందనుకుని వాళ్లు తమ అంతస్తులో దిగిపోయారు.

నాలుగో అంతస్తు డాక్టరమ్మని కూడా అడిగాడు. ఆవిడకి వేరే ఖాళీ ఉండదు, ఆయనకి కిందినుంచి నాలుగు అంతస్తుల సమయమే దొరుకుతుంది.

“డాక్టరమ్మా, ఈ కొత్తది మెత్తటిదట కదా. అందరికీ ఓసారి వచ్చిపోతే ఇంక పీడ వదిలినట్టేగా?”

“అలా జరగొచ్చు బాబాయ్” అంది ఆవిడ. రెండో అంతస్తు దాటింది. “వేగంగా పాకుతుంది కాబట్టి పాత రకాన్ని పక్కకి నెట్టేస్తుంది. వచ్చి తగ్గినవాళ్లకి కొంత రక్షణ కూడా ఉంటుంది. కానీ...”

నాలుగో అంతస్తు వచ్చింది. తలుపు తెరుచుకుంది. ‘కానీ’ ఆవిడతోపాటు వార్డులోకి వెళ్లిపోయింది.

ఆయన మర్నాడు మిగతాది అడగొచ్చు. అడగలేదు. దొరికిన సగం తనకి కావలసిన సగమే కావడంతో, దాన్ని భద్రంగా ఇంటికి తీసుకెళ్లాడు.

ఆ సాయంత్రమే మంచం లోపలికొచ్చింది. తల్లి కొడుకు మొహాన్ని రెండు చేతుల్లోకి తీసుకుని చాలాసేపు చూసింది. “ఇంత నల్లబడ్డావేంట్రా? కిటికీలోంచి తెల్లగానే కనబడ్డావు” అంది. ముగ్గురూ కలిసి తిన్నారు. ఆయనకి ఏడుపొచ్చింది. కారం ఎక్కువైందన్నాడు. అందులో కారం లేదని భార్యకి తెలుసు, వంట ఆవిడదే.

“గురువారం అత్తయ్యకి రెండో టీకా వేయించాలి” అని గుర్తుచేసింది భార్య.

“మొదటిదానికే రెండ్రోజులు ఒళ్లు కాలిపోయింది. నేను రాను” అంది తల్లి.

“పోనీలే అమ్మా, వద్దులే. ఇప్పుడొచ్చింది జలుబుతో సమానం. నేను రోజూ చూస్తూనే ఉన్నాగా” అన్నాడు ఆయన. ఆస్పత్రి మనిషి మాట కదా, భార్య నోరు మూసుకుంది.

గురువారం వెళ్లిపోయింది. తర్వాతి మంగళవారం ఆయనకి గొంతులో గరగర. రెండు రోజులు ముక్కు కారి తగ్గిపోయింది. భార్యకీ అంతే. చూశావా, నేను చెప్పలేదా అన్నట్టు ఆయన భార్య వైపు చూశాడు. శనివారం తల్లికి జ్వరం వచ్చింది. సోమవారానికి ఆవిడ ఒక మాట పూర్తిచేయడానికి రెండుసార్లు ఊపిరి తీసుకుంటోంది.

ఆవిడ స్ట్రెచర్‌ని ఆయనే లిఫ్టులోకి ఎక్కించుకున్నాడు. ఇరవై ఆరేళ్లలో తల్లి ఆయన పనిచేసే చోటు చూడటం అదే మొదలు. పడుకుని ఉంది కాబట్టి పైకప్పే చూసింది. ఆయన నాలుగు నొక్కాడు. పక్కనే డాక్టరమ్మ ఉంది. ఈసారి ఆవిడ మిగతా సగం చెప్పింది.

“ఆ రోజు చెప్పబోయింది ఇదే బాబాయ్. ఎక్కువమందికి జలుబులా పోతుంది. కానీ ఒకేసారి ఊరంతటికీ వస్తే, అలా పోనివాళ్లే వార్డు నింపేస్తారు. ఇప్పుడు మెత్తగా కనబడుతోందంటే, జనం టీకాలు వేయించుకోబట్టి, ఇదివరకే ఓసారి వచ్చిపోబట్టి. చాలావరకు అదే కారణం. దాని మంచితనం ఏం కాదు. తర్వాత వచ్చేది కూడా మెత్తగానే రావాలని రూలేం లేదు. అమ్మగారికి రెండో డోసు ఎప్పుడు వేయించారు?”

ఆయన వంగి తల్లి మీది దుప్పటి సర్దాడు. ఆవిడ మళ్లీ అడగలేదు.

సాయంత్రం భార్య అత్తగారికోసం శాలువా పంపింది. అప్పటిదాకా ఆయన నాలుగో అంతస్తులో కాలు బయట పెట్టలేదు, అక్కడ దిగడానికి ఆయనకి అనుమతి లేదు. ఆ రోజు పెట్టాడు. శాలువా నర్సుకి ఇచ్చి వెనక్కి తిరిగేసరికి కింద ఎవరో బటన్ నొక్కినట్టున్నారు, లిఫ్టు తలుపులు మూసుకుని వెళ్లిపోయింది. మూసుకున్న ఆ అంతస్తు తలుపు మీద, బయటివైపు, ఒక నోటీసు అంటించి ఉంది.

‘మృతదేహములను ఇకమీదట లిఫ్టులో తరలించరాదు. వెనుకవైపు ర్యాంపు మాత్రమే వాడవలెను.’

కింద సూపరింటెండెంటు సంతకం, తేదీ. ఆయన ఆ తేదీ రెండుసార్లు చదివాడు. కింది బటన్‌ని ఎవరూ నొక్కకపోవడం మొదలైన రోజు అది. ఆయన ఉండేది లోపల. ఆయన వచ్చినప్పుడల్లా తలుపు తెరుచుకుని, నోటీసుతో సహా గోడలోకి దూరిపోయేది. ఆసుపత్రిలో దాన్ని చదవలేని మనిషి ఆయన ఒక్కడే.

“వెనకనుంచి రోజుకి ఎంతమంది?” అని అడిగాడు నర్సుని.

“మునుపటంతమంది లేరు బాబాయ్” అంది ఆ అమ్మాయి. “కానీ ఉన్నారు.”

ఆయన మెట్లు దిగి కిందికొచ్చాడు. లిఫ్టులోకెళ్లి, గుడ్డ తీసుకుని కింది బటన్ శుభ్రంగా తుడిచాడు. తర్వాత పన్నెండు రోజులు ఎవరికీ ఏమీ చూపించలేదు. ఎవరైనా నాలుగులో లిఫ్టు ఆపితే, తలుపు తెరుచుకునేలోపే ఆయన స్టూలు మీంచి లేచి నిలబడేవాడు. ఇంటికెళ్లి కిటికీ బయట కూర్చునేవాడు. లోపల ఖాళీ కుర్చీ. భార్య ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేదని ఆయనకి రోజూ అనిపించేది.

పదమూడో రోజు మధ్యాహ్నం నాలుగులో తలుపు తెరుచుకుంటే, ఎదురుగా తల్లి నిలబడి ఉంది. సగానికి సగం అయిపోయింది. ఒక చేత్తో నర్సు భుజం పట్టుకుని ఉంది, రెండో చేతిలో శాలువా. లోపలికి అడుగుపెట్టి, నాలుగు మూలలూ చూసి, స్టూలు చూసి, “ఇరవై ఆరేళ్లు ఇందులోనే కూర్చున్నావా?” అంది.

“ఇందులోనేనమ్మా.”

“కిందికి పోవాలంటే అన్నిటికంటే కిందిదేగా? ఉండు, నేను నొక్కుతా.”

తళతళలాడుతున్న ఆ బటన్ వైపు ఆవిడ వేలు వెళ్లింది. ఆయన గబుక్కున చెయ్యి పట్టుకున్నాడు.

“అది కాదమ్మా. దాని పైది.”

ఆవిడ పైదే నొక్కింది. లిఫ్టు కదిలింది. నాలుగు అంతస్తులూ ఆయన ఆ చెయ్యి వదల్లేదు. తలుపు తెరుచుకుని, ఎక్కాల్సినవాళ్లు బయట నిలబడి చూస్తున్నా వదల్లేదు.

“వదలరా, అందరూ చూస్తున్నారు” అంది తల్లి.

“చూడనీ” అన్నాడు ఆయన. “అమ్మా, రెండో టీకాకి డాక్టరమ్మ ఏ గురువారం అంటే ఆ గురువారం.”