మిగిలిన వడ్లగింజ

భీమడోలులో రేడియోలు బాగుచేసే మాస్టారు, తెలియని సర్క్యూట్ డయాగ్రం ఏది చేతికొచ్చినా గుప్పెడు వడ్లు పక్కన పెట్టుకునేవారు. కరెంటు వచ్చే చోట మొదలుపెట్టి, ఒక్కో భాగం పనేమిటో తెలిశాక దాని మీద ఒక గింజ ఉంచేవారు. తొందరపెడితే తల ఎత్తకుండానే, "అర్థమైనదాని మీదే గింజ పెట్టాలండీ" అనేవారు. నాకు భలే చిరాకొచ్చేది.

కొల్లేటికోట దగ్గర మా చేపల చెరువుకి ఆయనే అలారం చేసిచ్చారు. కరెంటు పోయి, నీళ్లలో గాలి కలిపే మోటారు ఆగితే మా ఇంట్లో గంట మోగుతుంది. రెప్పపాటు పోయినా మోగుతోందని, గుండెజబ్బున్న మా అమ్మ ఉలిక్కిపడుతోందని చెబితే, మర్నాడే బస్సెక్కి వచ్చి ఆ రెప్పపాటుకి సరిపడా కరెంటు పట్టి ఉంచే చిన్న కెపాసిటర్ ఒకటి చేర్చి, డయాగ్రంలోనూ దాన్ని గీసి వెళ్లారు. ఆ తర్వాత అది ఊరికే మోగలేదు.

కొన్నేళ్లకి ఆయనకి మతిమరుపు జబ్బు వచ్చింది. నన్నూ గుర్తుపట్టలేదు. ఆయన చేత్తో గీసిన ఆ అలారం డయాగ్రమే తీసుకెళ్లి ముందు పెట్టాను. కొత్తదాన్ని చూసినట్టు చూసి, వాళ్లమ్మాయిని వడ్లు తెమ్మన్నారు. ట్రాన్స్‌ఫార్మర్ మీద, రిలే మీద, బ్యాటరీ మీద, గంట మీద గింజలు పెట్టేసరికి సాయంత్రమైంది. కెపాసిటర్ దగ్గర ఆగిపోయారు.

"ఇది లేకపోయినా గంట మోగుద్దండీ. ఎందుకు పెట్టారో మరి."

చెప్పబోయాను. ఈలోపే నా చెయ్యి పట్టుకుని తెరిచారు.

ఆయన మిగిలిన గింజని నా అరచేతిలో పెట్టారు.

"గీసినాయన కనబడితే అడిగి, మీరే పెట్టేయండి."