కోటయ్య బాబాయ్ కంద పద్యం

2022 ఎండాకాలం. గురజాలలో మాది గ్రానైట్ నేమ్‌ప్లేట్ల షాపు. ఇంటి పేర్లు, సమాధి ఫలకాలు చేస్తాం. ఉలితో చెక్కడం కాదు. అక్షరాలు కత్తిరించిన స్టెన్సిల్ షీటు రాయికి అంటించి, మిషన్‌తో ఇసుక కొడతాం. అదే సాండ్‌బ్లాస్టింగ్. కొట్టాక దిద్దుబాటు ఉండదు. అందుకే ముందు కాగితం మీద ప్రూఫ్ ఇచ్చి సంతకం పెట్టించుకుంటాను.

ఆ సంతకం దగ్గరే ఆగిపోయాడు కోటయ్య బాబాయ్. రెంటచింతల రైతు, పద్యాల పిచ్చి. ఇంట్లో ఒక్కడే. పొలంలో ఉన్న భార్య సమాధికి తాను రాసిన కంద పద్యం వేయించాలి, ఏడాది తిథిలోపు రాయి నిలబెట్టాలి. ప్రూఫ్ పట్టుకెళ్లడం, మళ్లీ బస్సు దిగి మార్చమనడం. కందంలో నాలుగు పాదాలకూ రెండో అక్షరం ఒకే హల్లు కావాలి, అది ప్రాస. ప్రాస కుదిరితే భావం చప్పబడేది, భావం కుదిరితే గణం తప్పేది.

గోడకు ఆనించిన ఆ రాయిని చూస్తే నాకు ఒళ్లు మండేది.

“పొలంలో రాయికి తప్పులు పట్టేదెవరు బాబాయ్?”

“ఎవురూ పట్టరమ్మాయ్. అదే నా బాధ.”

తిథి ఎల్లుండి అనగా మధ్యాహ్నం వచ్చాడు. పద్యం చదివాడు. నాకు బాగానే ఉంది. ఆయన మళ్లీ పెన్ను తీశాడు.

“ఏందిది బాబాయ్, ఇంకానా?”

“అప్పుడు ఇన్ని తిప్పలు లేవమ్మాయ్. మీ పిన్నికి ఛందస్సేం తెలుసు? రెండుసార్లు వినేది. మూడోసారి మొదలెడితే, ‘ఇంక చాల్లే, కూడు చల్లారిపోద్ది, లెగువు’ అనేది. అంతటితో పద్యం అయిపోయేది. ఇప్పుడెవురంటారు?”

ఓదార్చడం నాకు చేతకాదు, గదమాయించడం తప్ప. పద్యం మీదికి పోతున్న పెన్నును కిందికి జరిపాను.

“ఇంక చాలు. ఇక్కడ సంతకం పెట్టు. పెట్టి లెగువు, అన్నం తిందాం.”

నా మొహం చూసి సంతకం పెట్టాడు. నా క్యారేజీలోని పప్పన్నం ఇద్దరం తిన్నాం.

సాయంత్రం షీటు పీకాక, అక్షరాల మీద వేలు ఆనించి చదువుకున్నాడు. రెండో పాదంలో వేలు ఆగింది. ఏదో నచ్చలేదని నాకు అర్థమైంది. చాలాసేపు ఆ అక్షరం మీదే వేలుంచి నిలబడ్డాడు.

“ఆటో మాట్లాడమ్మాయ్, తీసకపోతా” అన్నాడు.

ప్రూఫ్ పదేపదే మార్చేవాళ్ల మీద నాకిప్పుడు కోపం రావడం లేదు. ఇంట్లో ఎవరెవరు ఉంటారని అడుగుతాను. ఎవరూ లేరంటే, ‘చాలు’ అనే మాట నేనే అంటాను.