సన్నటి మెత్త కోసం మాదన్నపేట దాకా

మా మంచం కాకినాడలో చేయించినది. టేకు. వెడల్పు అయిదడుగుల మూడంగుళాలు, పొడవు ఆరడుగుల అయిదంగుళాలు. వడ్రంగి మా పడకగదిలో గోడకూ కిటికీకీ మధ్య ఉన్న చోటును కొలిచి, ఆ చోటికి సరిపోయేటట్లు చేశాడు. మా అమ్మాయి ఉద్యోగం కంచన్‌బాగ్‌లో కావడం వల్ల నిరుడు ఇక్కడికి మకాం మార్చాము. గోడా కిటికీ అక్కడే ఉండిపోయాయి, కొలతలు మాత్రం మంచంతో పాటు వచ్చేశాయి. ఈ కొలతకు తయారుగా దొరికే పరుపు లేదని నాలుగు దుకాణాలలో విచారించి తెలుసుకున్నాను. పాతబస్తీలోకి మేము చేసిన ఒకరోజు ప్రయాణానికి ఇది మొదటి కారణం.

రెండవ కారణం నా భార్య సుగుణ. ఉగాది వెళ్ళినప్పటి నుంచి ఆమె మంచం మీద పడుకోవడం మానేసింది. హాలులో చాప పరుచుకొని, దుప్పటిని మడిచి తలకింద పెట్టుకొని నిద్రపోతోంది. మంచం మీద మెడ నుంచి వీపు దాకా పట్టేస్తోందని ఒక ఫిర్యాదు. నేను ఒత్తిగిలినప్పుడల్లా తనకు మెలకువ వస్తోందని మరొకటి. నేను ఒత్తిగిలే మాట వాస్తవమే. “కొత్త పరుపు మీద కూడా ఇదే వరస అయితే నాకు చాపే ఖాయం. ఆ తరువాత నన్ను బతిమాలకండి” అని ఆమె తేల్చి చెప్పింది. పెళ్ళయిన నలభై ఒకటవ ఏట ఆమె హాలులో, నేను గదిలో అనే ఏర్పాటు నాకు మింగుడుపడలేదు.

పరుపుల గురించి దొరికినదంతా చదివాను. చివరకు రెండు రకాలు మిగిలాయి. ఒకటి, ఆరంగుళాల మందమూ లేటెక్స్ రబ్బరే అయినది. రెండవది, కింద ఉక్కు స్ప్రింగులు, వాటి మీద రెండంగుళాల లేటెక్స్ పొర ఉన్నది. అంకెలు మొదటిదాని పక్షాన ఉన్నాయి. అది ఎక్కువ కాలం మన్నుతుంది, ఒక పక్క కదలికను మరొక పక్కకు పెద్దగా పాకనివ్వదు, ఏ కొలతకైనా కోసుకోవచ్చు. అయితే వైద్యం రెండవదాని పక్షాన ఉంది. సుగుణ చేత వ్యాయామాలు చేయించే అమ్మాయి, ఈ ప్రాంతపు పిల్లే, నా ఎదుటే ఇలా చెప్పింది: “సన్నటి మెత్త మీద పండుకోవాలె అమ్మా, గంతే. మందులు గిట్ల ఏం అక్కరలేదు.”

సన్నని, మెత్తని పొర. స్ప్రింగుల మీద పరిచే రెండంగుళాల లేటెక్స్‌కు ఇంతకన్నా సూటైన వర్ణన ఉండదు. ఆరంగుళాల దిమ్మను సన్నటిదని ఎవరూ అనరు. అంకెలను నమ్మాలా, వైద్యాన్ని నమ్మాలా అనే ప్రశ్నతో ఆగస్టు నెల రెండవ శనివారం ఉదయం తొమ్మిదిన్నరకు మేమిద్దరమూ బయలుదేరాము. నా సంచిలో కొలత టేపు, సుగుణ చంకలో చుట్టిన చాప.

చార్మినార్ వైపు వెళ్ళే బస్సు పది నిమిషాలలో వచ్చింది. సుగుణ ఆధార్ కార్డు చూపి ఉచిత టికెట్టు తీసుకుంది. పక్క సీటులోని పెద్దావిడ చాపను కాసేపు పరిశీలించి, ఉండబట్టలేక అడిగింది.

“యాడికమ్మా, చాప వట్టుకొని?”

“పరుపు కొనడానికండీ.”

“పరుపు కొననీకి చాప ఎందుకే తల్లీ?”

“నచ్చకపోతే ఇంటి దాకా ఆగకుండా అక్కడే పరుచుకుందామని.”

ఆవిడ నావైపు తిరిగి, “అయ్యా, నీ పని గట్టిగనే ఉన్నది!” అని పకపకా నవ్వింది. ముందు సీట్లలోని వారు కూడా తిరిగి చూశారు. నేను కిటికీలోంచి దుకాణాల బోర్డులు చదివాను.

ఈ దారిలో వెళ్ళదలచినవారికి ఒక సూచన. పదకొండుకు ముందు చార్మినార్ చేరి లాభం లేదు. గాజుల దుకాణాలవారు అప్పుడే నీళ్ళు చల్లుతుంటారు, పరుపులవారు ఇంకా రానేరారు. మేము ఒక హోటలులో కూర్చొని చాయ్ తాగి, టై బిస్కెట్లు తిన్నాము. పొరలు పొరలుగా విరిగే ఆ బిస్కెట్టును సుగుణ వేళ్ళతో నొక్కి చూసి, “పైన మెత్తన లేదు, కింద స్ప్రింగులూ లేవు. అయినా బాగుంది” అంది.

పదకొండుంబావుకు తెరిచిన దుకాణంలో స్ప్రింగు పరుపులు వరుసగా పరిచి ఉన్నాయి. పరీక్షా పద్ధతిని ఇంటి దగ్గరే నిర్ణయించాను. సుగుణ ఒక అంచున కళ్ళు మూసుకొని పడుకోవాలి. నేను రెండవ అంచున పడుకొని ఒత్తిగిలాలి. కదలిక తెలిసినప్పుడల్లా ఆమె “ఆఁ” అనాలి. స్ప్రింగులన్నిటినీ తీగతో కలిపి కట్టిన మొదటి పరుపు మీద నేను మోచెయ్యి కదిపినా “ఆఁ” వినిపించింది. గాజులు కొనడానికి వచ్చిన ఒక కుటుంబం గుమ్మంలో ఆగి మమ్మల్ని చూడసాగింది. వారిలో ఒకాయన, “అరె భాయ్, అమ్మను గట్ల ఊపకు, బస్సు ఎక్కినట్టయితది!” అని కేక వేశాడు. సుగుణ కళ్ళు తెరవకుండానే దానికి కూడా “ఆఁ” అంది.

రెండవ పరుపులో ప్రతి స్ప్రింగుకూ విడిగా గుడ్డసంచి ఉంది. ఇది చాలా మేలు. “ఆఁ”లు బాగా తగ్గాయి. అంచున కూర్చొని లేవడానికి కూడా ఇదే సుఖంగా ఉంది, మోకాళ్ళ నొప్పులవారు ఈ సంగతి గమనించాలి. కాని స్ప్రింగుల చట్రాన్ని కోయడం కుదరదు. మా కొలతకు ప్రత్యేకంగా చేయించాలి, మూడు వారాలు ఆగాలి, నచ్చకపోయినా తిరిగి తీసుకోరు. సన్నటి మెత్త ఇదే కదా అని నేను ఆర్డరు ఇవ్వబోయాను. సుగుణ నా చెయ్యి పట్టుకుంది. “రబ్బరుది చూడకుండా స్ప్రింగుది కొంటారా? పాల యాదగిరి చెప్పిన చోటికి కూడా పోదాం పదండి.”

యాదగిరి మా ఇంటికి పాలు పోస్తాడు. గేదెలూ ఇల్లూ మాదన్నపేటలో. వాళ్ళ వీధిలోనే లేటెక్స్ పరుపులు కోసి కుట్టే సలీం భాయ్ దుకాణం ఉందని చెప్పినది అతడే. ఆటో నూరు రూపాయలకు కుదిరింది. పన్నెండున్నరకు కూరగాయల మార్కెట్టు ముందు దిగేసరికి యాదగిరి మజ్జిగ సీసాతో నిలబడి ఉన్నాడు.

“ఏంది బాపు, గింత లేటు? సలీం భాయ్ నమాజుకు పోతడని ఆపి పెట్టిన.”

“చార్మినార్ దగ్గర రెండు పరుపుల మీద పడుకొని వస్తున్నాము.”

“పండుకొని లేచినంక గూడ గింత అలిసిపోయిన్రా!”

సలీం భాయ్ యాభై ఏళ్ళ మనిషి, గడ్డం మీద రబ్బరు పొడి. “ఆయియే సాబ్, కూసోండ్రి” అన్నాడు. నేను కూర్చోకుండా పరుపు తొడుగు జిప్పు తీయమన్నాను. చదువరులు కూడా ఇలాగే చేయాలి. పైకి లేటెక్స్ కనిపించి, నడుమ మామూలు ఫోము అతికించినవి బజారులో ఉంటాయట. ఇక్కడ అలా లేదు. ఆరంగుళాలూ ఒకే దిమ్మ, గాలి ఆడడానికి నిలువునా సన్నని రంధ్రాలు. రబ్బరు వాసన మాత్రం కొద్దిగా ఉంది. కొన్నాళ్ళు కిటికీలు తీసి ఉంచితే పోతుందని చెప్పాడు.

సుగుణ దుకాణంలోని దిండు మీద తల ఆనించి పడుకుంది. నేను ఒత్తిగిలాను. “ఆఁ” లేదు. ఇటు ఒత్తిగిలాను. లేదు. నాకు ఉత్సాహం వచ్చేలోపలే ఆమె మెడ మీద చెయ్యి వేసుకొని లేచి కూర్చుంది.

“మీ కదలిక తెలియడం లేదు కాని, మెడ పట్టేసిందండీ. ఇంట్లో మంచం మీద లాగానే.”

నా ఉత్సాహం చల్లబడింది. వైద్యమే గెలిచిందన్నమాట. అంతలో సలీం భాయ్, “మెత్త మోటుగున్నది అమ్మా, గందుకే. ఫికర్ జెయ్యకు, సన్నటి మెత్త ఇస్త” అన్నాడు.

ఆ అమ్మాయి చెప్పిన మాటే, అక్షరం పొల్లుపోకుండా. నేను టేపు తీశాను. “సన్నటి మెత్త వేస్తే కింద స్ప్రింగులు ఉండాలి కదా? మా మంచం కొలత అయిదడుగుల మూడంగుళాలు.”

“మంచం కొలత ఎందుకు సాబ్? తలకాయకు సరిపోతె సాలు.”

“తలకాయతో ఏం పని?”

సలీం భాయ్ యాదగిరి వైపు చూశాడు. యాదగిరి నా వైపు చూశాడు.

“బాపు, మెత్త అంటె ఏమనుకుంటున్నవ్?”

“మెత్తగా ఉండే పొర.”

“అరె బాపు! మెత్త అంటె తలకింద పెట్టుకునేది! మీ దిక్కు ఏమంటరు దాన్ని?”

“దిండు.”

“దిండా!” యాదగిరి అక్కడే గోడకు ఆనుకొని నవ్వసాగాడు. “దిండు కోసం స్ప్రింగులు కొంటున్నడు మా బాపు!”

సుగుణ నవ్వలేదు. ఆలోచిస్తోంది. తాను తలకింద పెట్టుకున్న లావు దిండును తీసి నొక్కి చూసింది. “అయితే ఆ పిల్ల నన్ను దిండు మార్చుకోమంది. హాల్లో నా తలకింద ఉన్నది దుప్పటి మడత కదండీ! సన్నంగా ఉంటుంది. మెడ పట్టనిది అందుకే. నేల గట్టిదనం వల్ల అని మీరు నాకు నెల రోజులు పాఠం చెప్పారు.” అప్పుడు నవ్వింది. నవ్వు ఆగక కళ్ళు తుడుచుకుంది. ఏడాదికి పైగా ఈ ఊళ్ళో ఉంటూ పరుపులను గురించి అంత చదివిన నేను, ఒక్క మాటకు అర్థం అడగలేదు. నాకు కూడా నవ్వు వచ్చింది.

సలీం భాయ్ అరచెయ్యంత మందం కూడా లేని మెత్త తెచ్చి ఇచ్చాడు. సుగుణ మళ్ళీ పడుకుంది. నేను ఎడమకు తిరిగాను, కుడికి తిరిగాను, వెల్లకిలా పడి మళ్ళీ ఎడమకు తిరిగాను. “ఆఁ” వినిపించలేదు. “ఇప్పుడెలా ఉంది?” అని అడిగాను.

“లొల్లి జెయ్యకు బాపు, అమ్మకు నిద్ర వట్టింది” అని యాదగిరి గుసగుసగా అన్నాడు.

సలీం భాయ్ కుట్టుమిషను ఆపేశాడు. మార్కెట్టులో టమాటాలవాడి కేకలు వినిపిస్తున్నాయి. నేను లేవాలా, పడుకోవాలా తేల్చుకోలేక, యాదగిరి ఇచ్చిన మజ్జిగ సీసా గుండె మీద పెట్టుకొని కదలకుండా ఉండిపోయాను. పరీక్ష ముగిసింది. నేను వేసుకున్న పట్టికలో ఈ ఫలితానికి గడి లేదు.

సుగుణ లేచిన తరువాత మేము పక్క వీధిలో భోజనం చేసి వచ్చాము. నమాజు ముగించుకొని వచ్చిన సలీం భాయ్ మా కొలతకు కొత్త దిమ్మ కోసి, తొడుగు కుట్టి, నాలుగు గంటలకు సిద్ధం చేశాడు. ధర స్ప్రింగు పరుపు కన్నా సుమారు సగం ఎక్కువ. బరువు నలభై కిలోలకు దగ్గర, కనుక ఒంటరిగా ఎత్తే ప్రయత్నం చేయవద్దు. మంచం మీద ఒక్కరే పడుకునేవారికీ, మంచం మామూలు కొలతది అయినవారికీ గుడ్డసంచుల స్ప్రింగు పరుపు ఏ మాత్రం తీసిపోదు. ఎవరు ఏది కొన్నా, పడుకోబోయే మనిషిని వెంట తీసుకువెళ్ళాలి. తమ ఇంటి దిండును కూడా తీసుకువెళ్ళి, ఈ ఊరివారు దానిని ఏమంటారో ముందే కనుక్కోవాలి.

పరుపును చేర్చడానికి ట్రాలీ ఆటో వచ్చింది. అంతకు ముందు ఏదో ఇంటికి సిమెంటు మోసినట్లుంది, తొట్టి నిండా బూడిదరంగు దుమ్ము. పరుపు ఎత్తబోతున్న యాదగిరినీ సలీం భాయ్‌నీ సుగుణ ఆపింది. పొద్దుటి నుంచి చంకలో మోసిన చాపను విప్పి, దుమ్ము మీద నీటుగా పరిచింది.

ట్రాలీ నడిపే అతను కంగారుపడ్డాడు. “అమ్మా, మంచి చాప. ఖరాబైతది!”

“అవనీ బాబూ” అంది సుగుణ, సన్నటి మెత్తను ఒళ్ళో పెట్టుకొని మా కోసం వచ్చిన మరో ఆటో ఎక్కుతూ. “ఇంక దానితో నాకు పనేముంది?”