పుల్కా పొంగు కొలిచిన రోజు

నిన్న మా ల్యాబ్‌లో నా పరువు ఎట్ల పోయిందో వినండి.

నాది కుప్పం. మదనపల్లెలో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెప్తా పీహెచ్‌డీ చేస్తాండాను. వస్తువు మీద ప్రొజెక్టర్‌తో నల్లా తెల్లా చారలు వేసి, అవి వంగిన తీరును హైస్పీడ్ కెమెరాతో ఫోటోలు తీసి, ఎత్తుపల్లాలు లెక్కగట్టేది నా పని. చిక్కు యాడొస్తాదంటే, చారలన్నీ ఒకే మాదిరి ఉంటాయి. ఏది ఎన్నో చారో కంప్యూటర్‌కు తెలీదు. దాన్ని తేల్చేదానికి రెండు పద్ధతులు. ఒకటి, పక్క చారను చూసి లెక్కబెట్టుకుంటా పోయేది. యాడన్నా ఒకటి తప్పితే ఆడ్నించి అంతా తప్పే. రెండోది, సన్న చారలూ లావు చారలూ మార్చిమార్చి వేసి ప్రతి చుక్కకూ విడిగా తేల్చేది. ఈలోగా వస్తువు కదిలితే అదీ తప్పే. ఏది మేలో నేను చెప్పాల.

కదిలే వస్తువు కావాల గదా, పుల్కా పొంగేది కొలుద్దామనుకున్నా. రివ్యూకి బెంగళూరు నుంచి ఒక పెద్ద సార్ వచ్చినారు, సొంతూరు పలమనేరే. ఈ రివ్యూ పోతే ఇంకో ఆర్నెల్లు ఆగాల.

టైమర్ పెట్టిన ఇండక్షన్ స్టవ్ మీద పెనం పెట్టి, పుల్కా వేసి, తిప్పి, గుడ్డతో ఒక్క నొక్కు నొక్కి చెయ్యి తీసినా. పెనం వైపు మళ్లీ చూడనే లేదు, కండ్లు స్క్రీన్ మీదే. మొదటి పద్ధతి బొమ్మలో సగం పుల్కా గుట్ట మాదిరి లేచింది, మిగతా సగం పెనానికి అతుక్కోని ఉండాది. మొదటి పద్ధతి తప్పు దొరికిందని నాకు భలే సంతోషం. ఒక చార లెక్క తప్పింది, అందుకే ఆ సగం పడిపోయిందని బోర్డు మీద గీసి మరీ పది నిమిషాలు చెప్పినా.

అదే పుల్కాకు రెండో పద్ధతి బొమ్మ వచ్చింది. అదీ అచ్చం అట్లనే ఉండాది. అయినా వదల్లేదు. పుల్కా మరీ జోరుగా కదిలింది, అందుకే ఇదీ మోసపోయిందని ఇంకో పది నిమిషాలు లాగినా. ప్రొజెక్టర్ పక్కన నిలబడిన నా ఫ్రెండ్ నసీమా ఏదో సైగ చేస్తాండాది. నేను పట్టించుకోలేదు.

సార్ మెల్లగా లేచి పెనం దగ్గరికి పోయి వంగి చూసినారు.

"రెండూ వేరేవేరే తప్పులు చేస్తాయని నువ్వే చెప్తివి గదమ్మా. రెండూ ఒకే మాట చెప్తాంటే, తప్పు యాడుండాదంటావు?"

అప్పుడు చూసినా. పుల్కా నిజంగానే సగమే పొంగింది; చల్లారి దిగినా ఆ సగం పొర విడి కనిపిస్తాండాది, మిగతా సగం అసలు లేవనే లేదు. ఒక పక్క పల్చగా, ఒక పక్క మందంగా ఒత్తింది నేనే.

ల్యాబంతా నవ్వు. అందరికన్నా ఎక్కువ నవ్వింది నేను. సార్ రివ్యూ పాస్ చేసినారు. సంతకం పెడతా, "చారలకు నీ పీహెచ్‌డీ గైడ్ చాలు. పుల్కాలకు మటుకు ఇంకో గైడ్‌ను పెట్టుకోమ్మా" అన్నారు.

పుంగనూరుకు ఫోన్ చేసి, పుల్కాలు నేర్పమని మా అత్తను అడిగినా. ఆదివారం రమ్మనింది. ముందు పిండి కలిపి చూపించాలంట, అది నచ్చితేనే చపాతీ కర్ర చేతికిస్తాదంట. పీహెచ్‌డీకి కూడా నేను ఇంత కష్టమైన ఎంట్రెన్స్ రాయలేదు.