గాటు పెట్టని గుమ్మడికాయ

మొన్నొక ఆదివారం పొద్దున్న ఉప్మాకి తాలింపు వేస్తూ ఉంటే, మా అమ్మాయి పక్కనే ఎత్తు స్టూలు మీద కూర్చుని, ఫోన్లో స్నేహితురాళ్ళతో గుమ్మడితోటకి వెళ్ళే ప్రోగ్రాం ఖాయం చేస్తోంది. ఒకమ్మాయికి ఈ శనివారం టెస్టు. ఇంకో అమ్మాయికి వచ్చే శనివారం ఇంటికి చుట్టాలొస్తున్నారు. మూడో అమ్మాయి ఎప్పుడైనా సరేనంటుంది కానీ, ఆ పిల్లని తీసుకెళ్ళి దింపడానికి ఎవరో ఒకరు కావాలి. "ఇంతకీ ఎప్పుడే వెళ్ళేది?" అన్నాను. "ట్రై చేస్తున్నా అమ్మా, ఎవ్వరికీ సెట్ అవ్వట్లే," అని రెండు చేతులూ గాల్లోకి ఎత్తేసింది. అలా చేతులెత్తెయ్యడం అచ్చంగా నా దగ్గర్నించి వచ్చిందే. ఆస్తులు ఇవ్వలేకపోయినా ఇలాంటివి మాత్రం పిల్లలకి తప్పకుండా ఇచ్చేస్తాం. నేను అటు చూస్తూ ఉండిపోయేసరికి ఇటు ఆవాలు మాడి, ఇల్లంతా పొగ, పైన స్మోక్ అలారం గోల. దాని కింద నిలబడి తువ్వాలు ఊపుతూ ఉంటే, మా అమ్మాయి రెండో క్లాసులో ఉన్ననాటి అక్టోబరు మొత్తం నాకు కళ్ళముందు కదిలింది.

దేశం కాని దేశంలో మేముండే ఊరు కమ్మింగ్‌లో అక్టోబరు వచ్చిందని చెట్లకన్నా ముందు గుమ్మడికాయలే చెబుతాయి. ప్రతి ఇంటి మెట్ల మీదా ఒకటో రెండో వెలుస్తాయి. పిల్లలున్న ఇంట్లో వాటిని దుకాణంలో కొంటే చెల్లదు. ఊరు దాటి కొండలవైపు ఏదో ఒక తోటకి వెళ్ళి, ఎండుగడ్డి పరిచిన ట్రాక్టరు బండెక్కి, బురదలో దిగి పిల్లలే ఏరుకోవాలి. ఇంటికొచ్చాక దానికి కళ్ళూ నోరూ చెక్కి లోపల దీపం పెట్టాలి. మేం నాలుగు కుటుంబాలవాళ్ళం కలిసి వెళ్ళేవాళ్ళం. అందులో గుంటూరు వైపు రైతు కుటుంబం నించి వచ్చిన ఒకాయన ఏటా గేటు దగ్గర ఒకే మాట అనేవాడు. "మా పెరట్లో పాదుకి ఊరికే కాసేవండీ. కాయలు చూడ్డానికి టికెట్టేంటి అసలు?" అనేసి, అందరికన్నా ముందు వెళ్ళి ట్రాక్టరులో మంచి చోటు చూసుకుని కూర్చునేవాడు. ఈ యాత్రకి పెద్దరికం నాది. ఎవరూ అప్పజెప్పలేదు, మొదటి ఏడాది పులిహోర నేను చేసిన పాపానికి అది నా మెడకి చుట్టుకుంది. తేదీ నేనే చూడాలి, పెరుగన్నం ఎవరు తెస్తారో నేనే తేల్చాలి, వాన పడితే దానికీ నేనే జవాబు చెప్పాలి.

ఆ ఏడాది మా అత్తగారు వేసవిలో వచ్చి మా దగ్గరే ఉన్నారు. సెప్టెంబరులో ఓ రోజు ఆవిడ దప్పళం పెడతానంటే ఇండియన్ స్టోర్ నించి చిన్న గుమ్మడికాయ తెచ్చాను. మా అమ్మాయి ఉత్సాహంగా కత్తి పట్టుకొచ్చింది. అత్తగారు దాని చెయ్యి పట్టుకుని ఆపేశారు. "నిండు గుమ్మడికాయని ఆడవాళ్ళు పగలగొట్టకూడదమ్మా. ఇంటి మగవాడు ముందు గాటు పెట్టాలి. ఆ తర్వాత ఎవరైనా కోసుకోవచ్చు," అన్నారు. ఎందుకని అడిగింది పిల్ల. "అదంతే," అన్నారు ఆవిడ. మా అత్తగారి శాస్త్రాల్లో చాలావాటికి వ్యాఖ్యానం ఆ ఒక్క మాటే. పైగదిలో ఆఫీసు మీటింగులో ఉన్న మా ఆయన్ని పిలిస్తే, హెడ్‌సెట్ చెవులకి ఉండగానే దిగొచ్చి, కాయకి ఒక గాటు పెట్టి, అవతలివాళ్ళకి ఎస్ ఎస్ అంటూ మళ్ళీ పైకి వెళ్ళిపోయారు. నేను నవ్వుకున్నాను. మా అమ్మాయి మాత్రం నవ్వలేదు, అంత ముఖ్యమైన పని వాళ్ళ నాన్నది అయినందుకు దాని కళ్ళు మెరిశాయి.

తర్వాత కొద్ది రోజులకే మా ఆయన వాళ్ళ పెదనాన్నగారి అబ్బాయి పెళ్ళికి హైదరాబాదు వెళ్ళారు. మోకాళ్ళ నొప్పులతో అత్తగారు అంత ప్రయాణం మళ్ళీ వెంటనే చెయ్యలేరు కాబట్టి, మా వైపు నించి ఒకరైనా ఉండాలని ఈయన బయల్దేరారు. పాస్‌పోర్టులో వీసా స్టాంపు గడువు తీరిపోయింది, పనిలో పనిగా అది కూడా చేయించుకుని దసరాకల్లా వచ్చేస్తానన్నారు. పనిలో పనిగా అన్న మాటంటే నాకు అప్పట్నించీ భయం. పెళ్ళి బాగా జరిగింది. స్టాంపింగ్‌కి వీసా ఆఫీసుకి వెళ్తే, ఇంకా పరిశీలించాల్సి ఉందని పాస్‌పోర్టు వాళ్ళ దగ్గరే ఉంచుకుని పంపేశారు. ఆ స్టాంపు పడందే తిరిగి ఇక్కడికి రానివ్వరు, ఎన్నాళ్ళు పడుతుందో చెప్పరు. ఎవర్ని అడగాలో తెలీదు. లాయరుకి ఫోన్ చేస్తే ఓపిక పట్టమన్నాడు, అది నాకు మా అత్తగారు ఉచితంగానే చెబుతున్నారు.

ఇక్కడ మా బతుకంతా ఆ స్టాంపు మీదే నిలబడి ఉంది. ఆయన ఉద్యోగాన్ని పట్టుకుని ఆయన వీసా, ఆయన వీసాని పట్టుకుని నా వీసా. ఆఫీసువాళ్ళు కొంతకాలం అక్కణ్ణించే పని చెయ్యమన్నారు. కొంతకాలం అంటే ఎంతో చెప్పలేదు. అది దాటితే ఉద్యోగం పోతుంది, ఇల్లు ఖాళీ చేసి, పిల్లని బడి మానిపించి మేమూ వెళ్ళిపోవాలి. ఇదంతా నాకు తెలుసు, అత్తగారికి సగం తెలుసు, పిల్లకి ఏమీ తెలీదని అనుకున్నాం. నాన్న ఎప్పుడొస్తాడని అడిగితే "వచ్చేస్తాడు" అనేదాన్ని. ఆ మాటకి తేదీ అక్కర్లేదు, ఆ నెలల్లో నాకు దొరికిన సదుపాయం అదొక్కటే. ఈలోగా ఆయన పనులు ఒక్కొక్కటీ నేనే నేర్చుకున్నాను. చెత్త డబ్బాలు రోడ్డు దాకా లాగడం, కారు టైరులో గాలి చూడటం, మా అమ్మాయి సైకిలుకి ఊడిపోయిన చెయిన్ ఎక్కించడం. చెయిన్ ఎక్కించి చేతులు నల్లగా చేసుకుని గొప్పగా చూపిస్తే, మా అమ్మాయి ఏడుస్తూ లోపలికి వెళ్ళిపోయింది. ఎందుకో నాకు అర్థం కాలేదు.

తోట ప్రోగ్రాం అక్టోబరు మొదటి శనివారానికి పెట్టుకున్నాం. నాన్న లేకుండా రానంది పిల్ల. ఇంట్లో దసరా పూజ ఉందని మా నాలుగు కుటుంబాల ఫోన్ గ్రూపులో రాసి వాయిదా వేశాను. రెండో శనివారానికి నాకు తలనొప్పి వచ్చింది. ప్రతిసారీ ఆ వారంలో పాస్‌పోర్టు వచ్చేస్తుందని ఆశ. మూడోసారి ఫోను చేత్తో పట్టుకుని ఏం అబద్ధం రాయాలా అని చూస్తూ ఉంటే, మా గ్రూపులోని వరంగల్ స్నేహితురాలు నాకన్నా ముందే రాసేసింది. "మావోనికి సర్ది అయింది అక్కా, ఈ వారం వద్దు." ఆ పిల్లవాడు అప్పుడు మా ఇంటి ముందు చొక్కా కూడా సరిగ్గా వేసుకోకుండా సైకిలు తొక్కుతున్నాడు. దాని కిందే గుంటూరాయన "వానొచ్చేలా ఉందండీ" అని పెట్టాడు. బయట ఎండ పెళపెళలాడుతోంది. నాకు ఏడుపొచ్చింది. వాళ్ళు ఎవరూ నన్ను ఏమీ అడగలేదు.

ఇక తోట మూసేసే వారం వచ్చేసింది. వరంగల్ స్నేహితురాలే ఇంటికొచ్చి మా అమ్మాయిని ఒళ్ళో కూర్చోబెట్టుకుంది. "కాయ తెచ్చి పెట్టుకుందాం బిడ్డా. డాడీ వచ్చినంక కోస్తడు," అంది. పిల్ల అత్తగారివైపు తిరిగి, "నానమ్మా, పిక్ చెయ్యడానికి రూల్ లేదు కదా?" అని అడిగింది. ఏరడానికి లేదని అత్తగారు ఒప్పుకున్నారు. అలా బయల్దేరాం. సన్నటి తుంపర, బురద, ట్రాక్టరు పొగ, ఆపిల్ రసం కాస్తున్న వాసన. మంచి కాయలన్నీ ఎవరో ఎప్పుడో పట్టుకుపోయారు, సొట్టలు పోయినవి మిగిలాయి. మా అమ్మాయి అందమైనది వెతకలేదు. అత్తగారి చెయ్యి పట్టుకుని మెల్లగా చేనంతా తిరిగి ప్రతి కాయ దగ్గరా ఆగింది. ఆవిడ కొబ్బరికాయని చూసినట్టు వేళ్ళతో కొట్టి చూసి, చివరికి ఒక పెద్దదాని దగ్గర, "ఇది ముదురు కాయ. బాగా నిలవ ఉంటుంది," అన్నారు. అత్తగారింట్లో ఉట్టిమీద నెలల తరబడి ఉండే కాయలు వేరు, చెక్కి పారెయ్యడానికి పండించే ఈ నీళ్ళ కాయ వేరు. ఆ సంగతి ఆవిడకీ తెలీదు, నాకూ తెలీదు. దాన్ని కారులో ముందు సీటులో పెడితే, మనిషి కూర్చున్నాడనుకుని కారు కుయ్ కుయ్ మని అరవడం మొదలెట్టింది. వెనకనించి మా అమ్మాయి వంగి దానికి బెల్టు పెట్టింది. వాళ్ళ నాన్న సీటులో ఆ గుమ్మడికాయ ఇంటిదాకా బుద్ధిగా వచ్చింది.

అక్టోబరు ఆఖరి రోజు, పిల్లలు వేషాలేసుకుని ఇంటింటికీ తిరిగే హాలోవీన్ సాయంత్రం వీధంతా చెక్కిన గుమ్మడికాయల్లో దీపాలు వెలిగాయి. మాది ఒక్కటే బోడిగా కూర్చుంది. పిల్ల మొహం చూడలేక అత్తగారు లోపలికి వెళ్ళి పసుపు కుంకుమ తెచ్చి, కాయకి నిండుగా పసుపు రాసి పెద్ద బొట్టు పెట్టారు. చాక్లెట్ల కోసం వచ్చిన పిల్లలు అది మా కాయ వేసుకున్న వేషమనుకుని మెచ్చుకున్నారు. "పక్కింటి అంకుల్ చేత గాటు పెట్టిద్దామా?" అని అడిగాను. "అంకుల్ మన ఇల్లు కాదు," అంది. వీడియోలో వాళ్ళ నాన్న, "నువ్వే కోసెయ్ తల్లీ, నేను పర్మిషన్ ఇస్తున్నా," అన్నారు. కుదరదంది. "అమ్మా, నువ్వైనా చెప్పు," అని ఆయన వాళ్ళమ్మని బతిమాలారు. అత్తగారు సర్దుకుని, అవసరం పడితే ఆడవాళ్ళు కూడా కొయ్యొచ్చని శాస్త్రంలో ఉందన్నారు. "నానమ్మా, అది నువ్వు ఇప్పుడే కల్పించేశావ్," అంది పిల్ల. మా అత్తగారిని ఆ మాట అనగలిగినవాళ్ళని నేను అంతకు ముందు చూడలేదు. తను పెట్టిన రూలుకి ఆవిడ కూడా మాలాగే తలొగ్గి, పసుపు కుంకుమ లోపలికి పట్టుకెళ్ళిపోయారు.

నవంబరులో కాయ మెత్తబడటం మొదలైంది. ఒక పక్క ఉడత కొరికేసింది. పసుపు కారిపోయి మెట్ల మీద చారలు కట్టింది. రోజూ ఫోన్లో వీసా స్టేటస్ చూడటం, బయటికొచ్చి కాయని చూడటం, రెండింట్లోనూ నా చేతిలో ఉన్నది ఏమీ లేదు. ఒకరోజు బడి నించి వచ్చి మా అమ్మాయి దాని పక్కన మెట్టు మీద కూర్చుండిపోయింది. "పాడైపోతోంది కదమ్మా, పోనీ మనమే కోసేద్దామా?" అన్నాను. "వద్దు. మనం కట్ చేసేస్తే నాన్న రావక్కర్లేదు కదా," అంది. ఏడుస్తూ అనలేదు, తెలిసిన లెక్క చెప్పినట్టు చెప్పింది. ఇంట్లో నాన్న మాత్రమే చెయ్యగలిగిన పని ఒకటి మిగిలి ఉంటే ఆయన రాక తప్పదు. మిగతా పనులన్నీ వాళ్ళమ్మ ఒక్కొక్కటిగా చేసేస్తోంది. సైకిలు చెయిన్ ఎక్కించిన రోజు అది ఎందుకు ఏడ్చిందో నాకు అప్పుడు తెలిసింది. నేను ఆ మెట్టు మీదే కూర్చుని, బొట్టు పెట్టిన ఆ కుళ్ళుకాయ పక్కన, పిల్లని దగ్గరికి తీసుకున్నాను.

కాయ ఆ వారమే కూలిపోయింది. బొట్టు పెట్టినదాన్ని చెత్తలో వెయ్యకూడదని అత్తగారంటే, ఇద్దరం గోనె మీదికి ఎత్తి పెరట్లో కంచె పక్కన పాతిపెట్టాం. ఇంకోటి కొందామని వెళ్తే దుకాణాల్లో అప్పటికే క్రిస్మస్ చెట్లు దింపేశారు.

డిసెంబరులో ఒకరోజు, ఎందుకు ఆగిందో చెప్పనట్టే ఎందుకు ఇచ్చారో చెప్పకుండా, పాస్‌పోర్టు ఇచ్చేశారు. ఉద్యోగం ఇంకా ఉంది. ఎయిర్‌పోర్టులో అందరూ పరిగెత్తి తండ్రుల్ని వాటేసుకుంటుంటే, మా అమ్మాయి ఆయన ముందుకెళ్ళి నిలబడి, "నాన్నా, పంప్‌కిన్ కట్ చెయ్యాలి," అంది. దారిలో ఇండియన్ స్టోర్ దగ్గర కారు ఆపించింది. అక్కడ ఉన్నది బూడిద గుమ్మడికాయ ఒక్కటే. చాలంది. నిద్ర లేని కళ్ళతో, బూట్లు కూడా విప్పకుండా, ఆయన వంటింట్లో దానికి గాటు పెట్టారు. తర్వాత కళ్ళు చెక్కుతూ ఒకటి అవ్వగానే పిల్ల ఆయన చెయ్యి పట్టుకుని ఆపేసింది. "ఇవాళ ఒక్కటి చాలు నాన్నా. మిగతాది రేపు," అంది. ఎందుకో నాకు తెలుసు కాబట్టి నేను మొహం తిప్పుకున్నాను. వీధంతా క్రిస్మస్ దీపాలు వెలుగుతుంటే, మా మెట్ల మీద ఒంటికన్ను బూడిద గుమ్మడికాయ కూర్చుంది. దిష్టి ఏదైనా ఉంటే పోతుందిలే అన్నారు అత్తగారు.

ఎట్టకేలకి నిన్న మా అమ్మాయి, ముగ్గురు స్నేహితురాళ్ళూ తోటకి వెళ్ళొచ్చారు. కాయని వంటింట్లో పెట్టి అది తన గదిలోకి వెళ్ళిపోయింది. సాయంత్రం మా ఆయన బయటినించి వస్తూనే, అలవాటుగా కత్తి తీసి దానికి గాటు పెట్టి పక్కకి జరిగారు. మాలో ఎవరికీ ఆ ఆచారం మీద నమ్మకం లేదు. అత్తగారే ఫోన్లో, "ఇంకా అది పట్టుకుని వేలాడుతున్నారా మీరు?" అని నవ్వుతారు. మా అమ్మాయి వచ్చి ఒక కన్ను చెక్కి, కత్తి కడిగి పెట్టేసింది. మిగతాది రేపంది. వచ్చే ఏడాది ఈపాటికి అది ఎక్కడో కాలేజీలో ఉంటుంది. పిల్లలు వెళ్ళే వయసు వస్తే ఆపడానికి ఎవరం, కానీ రేపటికంటూ కాస్త పని మిగుల్చుకోవడం తప్ప కాలాన్ని పట్టి ఉంచే ఇంకో ఉపాయం మా ఇంట్లో ఎవరికీ తెలీదు.