ఎవరికీ చెప్పకూడని అంకెలు

పొద్దున రాష్ట్ర సరిహద్దులోని మా కాలేజీలో సైబర్ భద్రత మీద పాఠం చెప్పాను. ఓటీపీ ఎవరికీ చెప్పకూడదని హిందీలో ఒకసారి, తెలుగులో ఒకసారి పిల్లలందరి చేతా అనిపించాను.

మధ్యాహ్నం స్కాలర్‌షిప్ ఫారాల కిటికీ దగ్గర గుమాస్తా అరుస్తున్నాడు: "ఓటీపీ బోలో, జోర్ సే!" లైన్లో పిల్లలు ఒక్కొక్కరే ఫోన్ చూసి అంకెలు గట్టిగా చదువుతున్నారు. భద్రతంట, నా బొంద!

ఒళ్లు మండి ప్రిన్సిపాల్ గదిలోకి వెళ్లి గొడవపడ్డాను. పైకి పంపడానికి నా పాఠం ఫోటోలు ఏరుకుంటూనే, "ఇవాళే ఆఖరి తేదీ మేడం" అన్నాడాయన.

తిరిగొచ్చేసరికి తర్రెం అనే ఊరి అమ్మాయి ఒకతె కిటికీ ముందు ఫోన్ గుండెకు అదుముకుని నిలబడి ఉంది.

"ఎవరికీ చెప్పొద్దన్నరు గద మేడం, ఇప్పుడేం జెయ్యాలె?"

పొద్దున పాఠం చెప్పిన నోటితోనే అన్నాను, "చెప్పెయ్యమ్మా" అని.